గర్భకాలంలో వైరస్ వ్యాధులు – పిల్లల్లో ఆటిజం

తల్లి కడుపుతో ఉండగా సోకిన వైరస్‌కూ, తర్వాత బిడ్డలో బయటపడే ఆటిజానికీ సంబంధం ఉందా అన్నది వైద్య పరిశోధనలో యాభై ఏళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్న. అన్ని వైరస్‌లనూ ఒకే గాటన కట్టడం వల్ల ఈ విషయంలో చాలా గందరగోళం పుట్టింది. రుబెల్లా విషయంలో సంబంధం స్పష్టంగా కనబడింది. సైటోమెగలో వైరస్ విషయంలో ఆధారాలు ఏటేటా బలపడుతున్నాయి. ఫ్లూ, మామూలు జ్వరాలు, కోవిడ్ దగ్గరికి వచ్చేసరికి లెక్కల్లో కనిపించే ముప్పు చిన్నది. అందులో వైరస్ వాటా ఎంత, ఆ కుటుంబంలో ముందే ఉన్న జన్యువుల వాటా ఎంత అన్నదానిపై వాదన ఇంకా నడుస్తోంది.

ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో పుట్టుకకు ముందే మొదలయ్యే తేడా. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, మాట ఆలస్యం కావడం, చేసిన పనినే పదే పదే చేయడం, కొన్ని శబ్దాలనూ స్పర్శనూ భరించలేకపోవడం వంటి లక్షణాలు సాధారణంగా రెండు, మూడేళ్ల వయసులో పెద్దల కంట పడతాయి. ఇందులో వంశపారంపర్యానిదే పెద్ద వాటా. డెన్మార్క్, ఫిన్లాండ్, స్వీడన్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాలలో 20 లక్షల మంది పిల్లల వివరాలతో 2019లో వెలువడిన అధ్యయనం ఆ వాటాను దాదాపు 80 శాతంగా లెక్కకట్టింది. కాబట్టి వైరస్‌ల గురించి ఏం చెప్పినా మిగిలిన వాటాలోనో, జన్యువులతో అవి చేతులు కలిపే చోటనో చెప్పాలి. మన దేశంలో పల్వల్, కాంగ్రా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్ ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు సుమారు నాలుగు వేల మందిని పరీక్షించి 2018లో ప్రకటించిన సర్వేలో నూటికి ఒకరికి అటూ ఇటూగా ఆటిజం కనిపించింది.

సిడ్నీ కంటి డాక్టరు, న్యూయార్క్ పిల్లలు

కథ ఆటిజంతో కాక కంటి శుక్లంతో మొదలైంది. 1941లో సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడి దగ్గరికి పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా రాసాగారు. తోటి వైద్యుల నుంచి కూడా వివరాలు సేకరించి మొత్తం 78 మంది పిల్లల సంగతి ఆయన ప్రచురించాడు. వెనక్కి లెక్క వేస్తే, ఆ తల్లుల్లో అత్యధికులకు నెల తప్పిన తొలి వారాల్లో జర్మన్ మీజిల్స్, అంటే రుబెల్లా వచ్చిపోయింది. 1940లో ఆస్ట్రేలియాలో ఆ జబ్బు పెద్ద ఎత్తున ప్రబలింది. పుట్టుకతో వచ్చే లోపాలన్నీ వంశంలోంచే వస్తాయనీ, మాయ దాటి ఏదీ బిడ్డను చేరదనీ నమ్మే రోజుల్లో ఈ మాటను చాలామంది వైద్యులు వెంటనే ఒప్పుకోలేదు.

పెద్దవాళ్లకు రుబెల్లా లెక్కలోకి రాని జబ్బు. రెండు మూడు రోజులు ఒంటిమీద దద్దు, కాస్త జ్వరం, చెవి వెనక బిళ్ళలు కట్టడం, అంతే. కొందరికి వచ్చినట్టు కూడా తెలియదు. గర్భిణికి మొదటి పన్నెండు వారాల్లో వస్తే మాత్రం నూటికి తొంభై మంది దాకా పిల్లలకు హాని జరుగుతుంది. అవయవాలు రూపు దిద్దుకుంటున్న వేళ వైరస్ మాయ దాటి పిండంలోకి చేరి కణాల విభజనను మందగింపజేస్తుంది, సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. చెవుడు, శుక్లాలు, గుండెలో రంధ్రాలు, చిన్న తల, బుద్ధిమాంద్యం దాని ఫలితాలు. ఇరవై వారాలు దాటాక సోకితే ఇలాంటి హాని అరుదు.

1964–65లో అమెరికాలో రుబెల్లా విరుచుకుపడింది. సుమారు కోటీ పాతిక లక్షల మందికి సోకిందనీ, 20 వేల మంది పిల్లలు పుట్టుకతో రుబెల్లా లోపాలతో పుట్టారనీ అంచనా. న్యూయార్క్‌లో ఆ పిల్లల్లో 243 మందిని స్టెల్లా చెస్ అనే పిల్లల మానసిక వైద్యురాలు దగ్గరగా పరిశీలించింది. అప్పటికి వాళ్లవి రెండున్నర, మూడు, నాలుగేళ్ల వయసులు. పది మందిలో ఆటిజం పూర్తి రూపంలోనూ, మరో ఎనిమిది మందిలో పాక్షికంగానూ కనిపించింది. 1971లో ఆమె ఈ సంగతి ప్రచురించేనాటికి ఆటిజం పదివేల మందికి నలుగురైదుగురు పిల్లల్లో ఉంటుందని లెక్క. రుబెల్లా పిల్లల్లో అది పదివేలకు ఏడు వందలు దాటింది.

ఇక్కడ ఒక సహజమైన అనుమానం వస్తుంది. చెవుడూ గుడ్డితనమూ కలిసి ఉన్న బిడ్డ పిలిస్తే పలకకపోవడంలో, ముఖంలోకి చూడకపోవడంలో వింత ఏముంది? చెస్ ఆ తేడాను పట్టించుకుంది. వినికిడి లేని మామూలు పిల్లవాడు కళ్లతో మనిషిని వెతుకుతాడు, చేత్తో తడుముతాడు, ఒళ్లోకి చేరతాడు, అంటే ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన మనుషుల్ని చేరుకుంటాడు. ఆమె ఆటిజం అని గుర్తించిన పిల్లలు మిగిలిన ఇంద్రియాలను కూడా మనుషుల కోసం వాడలేదు. అయినా ఈ విమర్శ పూర్తిగా సద్దుమణగలేదు. ఈనాటి కొలమానాలతో చూస్తే ఆ పద్దెనిమిది మందిలో ఎంతమంది అదే జాబితాలో ఉండేవారన్నది వాదనకు తావున్న విషయమే. కొన్నేళ్ల తర్వాత ఆ పిల్లల్నే మళ్లీ చూసినప్పుడు కొందరిలో లక్షణాలు తగ్గిపోయాయి, మొదట బాగున్న కొందరిలో కొత్తగా కనిపించాయి. 1977లో ఆమె ఈ విషయం రాస్తూ, ఆటిజం ఇక్కడ దీర్ఘకాలపు అంటువ్యాధిలా నడుస్తోందేమోనని ఊహించింది. రుబెల్లాతో పుట్టిన పసివాళ్ల శరీరంలో వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా బతికే ఉంటుంది కాబట్టి ఆ ఊహ ఆధారం లేనిది కాదు.

ఆ రోజుల్లో ఈ పరిశోధనకు ఇంకో విలువ కూడా ఉంది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలు ఆటిజంలోకి జారుకుంటారన్న సిద్ధాంతం అప్పటికి అమెరికాలో రాజ్యమేలుతోంది. దానికి జనంలో బాగా ప్రచారం కల్పించిన బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం 1967లో వచ్చింది. గ్రహణం నాడు కడుపుతో ఉన్న మనిషి కదలబట్టే బిడ్డ పెదవి చీలిందని మన ఊళ్లలో తల్లిని నిలదీసినట్టే, అక్కడ పట్టా పుచ్చుకున్న పండితులు తల్లిని నిలదీశారు. ఒక వైరస్ పిండం మెదడులోకి చేరి ఇదే లక్షణాలను తేగలదని తేలడం, తర్వాత 1977లో కవలల మీద జరిగిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపడం, ఈ రెండూ కలిసి ఆ సిద్ధాంతాన్ని పడగొట్టాయి.

టీకా మీద పడిన నింద

రుబెల్లా టీకా 1969లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. తట్టు, గవదబిళ్ళల టీకాలతో కలిపి ఇచ్చే ఎంఎంఆర్ మీదే 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం ఆటిజం నింద మోపింది. పన్నెండు మంది పిల్లల వివరాలతో రాసిన ఆ పత్రాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది, బ్రిటన్‌లో ఆయన వైద్యుల జాబితాలోంచి పేరు పోగొట్టుకున్నాడు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల మీద 2019లో వెలువడిన అధ్యయనంతో సహా పెద్ద లెక్కలేవీ టీకాకూ ఆటిజానికీ సంబంధం చూపలేదు. అసలు సంగతి ఇందుకు తలకిందులుగా ఉంది. 2001 నుంచి 2010 వరకు అమెరికాలో రుబెల్లా టీకా వల్ల ఎంత మేలు జరిగిందో 2011లో కొందరు పరిశోధకులు లెక్కకట్టారు. సుమారు 16,600 మంది పిల్లలు పుట్టుకతో వచ్చే రుబెల్లాను తప్పించుకున్నారనీ, వాళ్లలో 1,228 మంది ఆటిజాన్ని కూడా తప్పించుకున్నారనీ వాళ్ల అంచనా. ఆటిజానికి ఫలానా కారణం అని వేలెత్తి చూపి, దాన్ని టీకాతో ఆపగలిగిన సందర్భం ఇదొక్కటే. నింద మోసింది కూడా ఆ టీకాయే.

లాలాజలంలో తిరిగే వైరస్

రుబెల్లా తగ్గిన దేశాల్లో ఆ స్థానంలోకి సైటోమెగలో వైరస్ వచ్చింది. ఇది హెర్పిస్ జాతిది. ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం ఉంటుంది, అప్పుడప్పుడు నిద్ర లేస్తుంది. పసిపిల్లల లాలాజలంలో, మూత్రంలో నెలల తరబడి బయటికి వస్తుంది. అందుకే ఇంట్లో ఏడాది, రెండేళ్ల బిడ్డ ఉండి మళ్లీ నెల తప్పిన తల్లికి ఇది సోకే అవకాశం ఎక్కువ. బిడ్డ ఎంగిలి చెంచా నోట్లో పెట్టుకోకపోవడం, లంగోటీ మార్చాక చేతులు సబ్బుతో కడుక్కోవడం తప్ప ఇప్పటికి వేరే నివారణ లేదు, టీకా ఇంకా రాలేదు.

మన దేశంలో పెళ్లీడు వచ్చేసరికే నూటికి తొంభై మందికి పైగా స్త్రీలకు ఈ వైరస్ సోకి ఉంటుంది. దానర్థం ముప్పు తప్పిందని కాదు. పాత వైరస్ గర్భకాలంలో నిద్ర లేచినా, వేరే రకం కొత్తగా సోకినా బిడ్డకు చేరవచ్చు. ప్రపంచమంతటా చూస్తే పుట్టే ప్రతి రెండు వందల మందిలో సుమారు ఒకరికి ఇది పుట్టుకతోనే ఉంటుంది. పదిమందిలో ఒకరికి మాత్రమే పుట్టగానే లక్షణాలు కనిపిస్తాయి. జన్యువులతో పనిలేకుండా పిల్లల్లో వచ్చే చెవుడుకు పెద్ద కారణం ఇదే.

ఆటిజంతో దీని సంబంధం గురించి 1970ల చివరి నుంచీ ఒకటీ అరా కేసులు వైద్య పత్రికల్లో వస్తూ ఉన్నాయి. ఒకటీ అరా కేసులతో ఏదీ తేలదు. 2024లో అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా పరిధిలోని దాదాపు 30 లక్షల మంది పిల్లల రికార్డులను చూసినప్పుడు, పుట్టుకతో సైటోమెగలో వైరస్ ఉన్నట్టు నమోదైన పిల్లల్లో ఆటిజం నిర్ధారణ రెండున్నర రెట్లు ఎక్కువగా తేలింది. ఈ లెక్కలోనూ ఒక మెలిక ఉంది. బీమా రికార్డుల్లో వైరస్ పేరు ఎక్కేది ఎక్కువగా జబ్బు బాగా ముదిరిన పిల్లలకే. లక్షణాలు లేకుండా పుట్టి ఎవరి లెక్కలోకీ రాని పిల్లలకు ఇదే ముప్పు ఉందని దీన్నిబట్టి చెప్పలేం.

పరిశోధనకు పెద్ద అడ్డంకి కాలం. బిడ్డ మూత్రంలోనో లాలాజలంలోనో ఈ వైరస్‌ను పుట్టిన 21 రోజుల లోపు పట్టుకోవాలి. ఆ తర్వాత దొరికితే అది కడుపులో సోకిందో, తల్లి పాల ద్వారా వచ్చిందో చెప్పడం కష్టం. ఆటిజం అనుమానం వచ్చేసరికి బిడ్డకు మూడేళ్లు. కెనడాలోని ఒంటారియో 2019లోనూ, అమెరికాలో మిన్నెసోటా 2023లోనూ నవజాత శిశువులందరి మడమ నుంచి తీసే ఎండు రక్తపు చుక్కలోనే ఈ పరీక్ష మొదలుపెట్టాయి. ఆ పిల్లలు బడికి వెళ్లే వయసుకు వస్తే మెరుగైన లెక్క దొరుకుతుంది.

జికా, ఆటలమ్మ వంటివి పిండం మెదడును దెబ్బతీయగలవని తెలుసు. కానీ వాటి హాని ఆటిజంగా కాక చిన్న తల, మూర్ఛ వంటి మరింత తీవ్రమైన రూపాల్లో బయటపడుతుంది.

ఫ్లూ, జ్వరం, నార్డిక్ రిజిస్టర్లు

ఇంతవరకు చెప్పినవి మాయ దాటే వైరస్‌లు. ఫ్లూ వైరస్ చాలామటుకు తల్లి ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది, బిడ్డను చేరడం అరుదు. అలాంటిది ఆటిజానికి కారణం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పుట్టుక నుంచి చావు దాకా ప్రతి ఆస్పత్రి చేరికా ఒకే నంబరు కింద నమోదయ్యే నార్డిక్ దేశాలు అనువుగా దొరికాయి.

డెన్మార్క్‌లో 1980 నుంచి 2005 వరకు పుట్టిన 16 లక్షల మంది పిల్లల వివరాలు 2010లో వెలువడ్డాయి. గర్భకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక అంటువ్యాధితో ఆస్పత్రిలో చేరిన తల్లులందరినీ కలిపి చూస్తే ఆటిజం పెరగలేదు. మొదటి మూడు నెలల్లో వైరస్ జబ్బుతో ఆస్పత్రిలో చేరిన వారి పిల్లల్లో మాత్రం ముప్పు దాదాపు మూడు రెట్లు. పత్రికలకు ఎక్కింది ఈ మూడు రెట్ల మాటే. పక్కనే ఉన్న అంకెలు ఎవరూ చదవలేదు: అసలు విలువ 1.29 నుంచి 7.15 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కేసులు బాగా తక్కువైతేనే ఇంత వెడల్పు వస్తుంది. అదే బృందం 2012లో 96 వేల మందికి పైగా తల్లుల్ని ఫోన్‌లో అడిగి రాసుకున్న వివరాలతో చూస్తే, జలుబు, మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటి మామూలు జబ్బులకు సంబంధం దాదాపు లేదు. ఫ్లూకి రెండు రెట్లు, వారం పైబడిన జ్వరానికి మూడు రెట్లు కనిపించాయి. పరిశోధకులే అది కాకతాళీయం కావచ్చని హెచ్చరించారు. కాలిఫోర్నియాలో 1,96,929 మంది పిల్లలపై 2017లో వచ్చిన అధ్యయనంలో గర్భకాలపు ఫ్లూకీ ఆటిజానికీ సంబంధం కనిపించనే లేదు.

నార్వేలో 95,754 మంది పిల్లల మీద 2018లో వెలువడిన అధ్యయనం వైరస్ పేరును పక్కనపెట్టి జ్వరాన్నే చూసింది. నాలుగు నుంచి ఆరో నెల మధ్య జ్వరం వచ్చిన తల్లుల పిల్లల్లో ముప్పు 40 శాతం ఎక్కువ. పన్నెండో వారం తర్వాత మూడు, అంతకు మించి సార్లు జ్వరం వచ్చినవారిలో మూడు రెట్లు. ఇలాంటి వార్తలు చదివేటప్పుడు శాతాలను మనుషుల్లోకి మార్చుకోవాలి. పదివేల మంది పిల్లల్లో మామూలుగా వంద మందికి ఆటిజం ఉంటుందనుకుందాం. 40 శాతం పెరిగితే నూట నలభై. జ్వరం వచ్చిన పదివేల మంది తల్లుల్లో 9,860 మంది పిల్లలకు ఆటిజం ఉండదు. పదిహేను అధ్యయనాలను కలిపి 2016లో తీసిన సగటు ఇంకా చిన్నది, సుమారు 13 శాతం.

పాసడీనా ఎలుకలు

వైరస్ బిడ్డను చేరకపోయినా హాని జరగగలదని చూపింది ఎలుకలు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉన్న కాల్‌టెక్ సంస్థలో పాల్ ప్యాటర్సన్ 2003లో చూలు ఎలుకలకు ఫ్లూ సోకించి, పుట్టిన పిల్లల ప్రవర్తనలో తేడాలు చూశాడు. తర్వాత వైరస్‌నే తీసేశాడు. వైరస్ జన్యుపదార్థాన్ని పోలిన కృత్రిమ రసాయనాన్ని తల్లికి ఎక్కిస్తే, ఒంట్లో జబ్బేమీ లేకపోయినా రోగనిరోధక వ్యవస్థ వైరస్ వచ్చిందని మోసపోయి పోరుకు దిగుతుంది. పిల్లల్లో అవే తేడాలు: తోటి ఎలుకతో కలవకపోవడం, తల్లిని పిలిచే కూతల్లో మార్పు, ఇచ్చిన గోళీలను ఆగకుండా రంపపు పొట్టులో పాతిపెట్టడం. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటే ఆ తేడాలు రాలేదని 2007లో తేలింది. అంటే అక్కడ హాని చేసింది తల్లి శరీరం చేసిన పోరాటం.

గ్లోరియా చోయ్, జున్ హు దంపతులు 2016లో ఇంటర్‌ల్యూకిన్-17ఎ అనే మరో ప్రొటీన్‌ను పట్టుకున్నారు. అది పెరిగిన తల్లుల పిల్లల మెదడు పైపొరలో కొన్ని చోట్ల అమరిక చెదిరిపోయింది. తమాషా ఏమిటంటే, ఒకే జాతి ఎలుకల్ని రెండు వేర్వేరు సరఫరాదారుల దగ్గర కొంటే ఒక చోటివాటికే ఈ ప్రభావం కనిపించింది. వాటి పేగుల్లో ఒక దారపు పోగు ఆకారపు బ్యాక్టీరియా ఉంది, రెండో చోటివాటికి లేదు. ఆ బ్యాక్టీరియా తల్లి రోగనిరోధక కణాలను ముందే సిద్ధం చేసి ఉంచుతోందని 2017లో తేలింది. ఒకే జ్వరం ఇద్దరు తల్లుల్లో ఒకే ఫలితం ఎందుకు ఇవ్వదో ఇది కొంత చెబుతుంది. అయితే గోళీలు పాతే ఎలుకకూ, మాట రాని మూడేళ్ల పిల్లవాడికీ మధ్య దూరం చాలా ఉంది. ఎలుకల్లో రుజువైంది యంత్రాంగం ఒకటి ఉందన్నదే.

తోబుట్టువుల లెక్క

స్వీడన్‌లో ఐదున్నర లక్షల మంది పిల్లల మీద 2022లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అధ్యయనం ఈ రంగంలో అందరూ చదవాల్సినది. గర్భకాలంలో అంటువ్యాధికి ఆస్పత్రిలో చికిత్స పొందిన తల్లుల పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువగా కనిపించింది, అది ఊహించినదే. పరిశోధకులు రెండు అదనపు ప్రశ్నలు వేశారు. గర్భం రాకముందు ఏడాదిలో జబ్బు పడిన తల్లుల సంగతేమిటి? అక్కడా దాదాపు అంతే ఎక్కువ. పిండమే లేనప్పుడు వచ్చిన జబ్బు పిండం మెదడును ఎలా మారుస్తుంది? రెండోది, ఒకే తల్లి పిల్లల్లో ఒకరు కడుపులో ఉండగా జబ్బు వచ్చి, ఇంకొకరప్పుడు రాకపోతే? అలా తోబుట్టువుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఆటిజం విషయంలో తేడా మాయమైంది. మేధో వైకల్యం విషయంలో మాత్రం కొంత మిగిలింది. తరచూ అంటువ్యాధుల బారిన పడే శరీర తత్వమూ, ఆటిజానికి దారితీసే జన్యువులూ ఒకే కుటుంబంలో కలిసి నడుస్తుండవచ్చని దీని సూచన. నా ఉద్దేశంలో ఫ్లూ, జ్వరాల మీద అంతకుముందు వచ్చిన లెక్కలన్నిటినీ దీన్ని పక్కన పెట్టుకునే చదవాలి. రుబెల్లా, సైటోమెగలో వైరస్‌ల మీద మాత్రం దీని ప్రభావం పెద్దగా లేదు, అవి నేరుగా పిండాన్ని చేరేవి.

కోవిడ్ మీద కూడా రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. మసాచుసెట్స్‌లో 2020–21లో పుట్టిన 18,124 మంది పిల్లల మీద 2025లో వచ్చిన అధ్యయనంలో, గర్భకాలంలో కోవిడ్ తేలిన తల్లుల పిల్లల్లో 16.3 శాతం మందికి మూడేళ్లలోపు ఏదో ఒక ఎదుగుదల సమస్య నమోదైంది, మిగిలినవారిలో అది 9.7 శాతం. తల్లి వయసు, బీమా, నెలలు నిండకుండా పుట్టడం వంటివి సర్దుబాటు చేసేసరికి తేడా 29 శాతానికి దిగింది. వాటిలో ఎక్కువ భాగం మాట, నడక ఆలస్యాలు. న్యూయార్క్‌లో 2022లో వచ్చిన చిన్న అధ్యయనంలో తల్లికి కోవిడ్ వచ్చిందా లేదా అన్నదానితో ఆరు నెలల బిడ్డల స్కోర్లకు సంబంధం లేదు. మహమ్మారికి ముందు పుట్టినవారితో పోలిస్తే ఆ కాలంలో పుట్టిన పిల్లలందరి స్కోర్లూ కాస్త తక్కువ.

ఆస్పత్రిలో ఎదురయ్యేవి

మన దగ్గర గర్భం నిలవని స్త్రీలకూ, ఒక్కోసారి మొదటి చెకప్‌లోనే కూడా, టార్చ్ టెస్ట్ రాస్తుంటారు. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో, హెర్పిస్ యాంటీబాడీలు అందులో వస్తాయి. రిపోర్టులో ఐజీజీ పాజిటివ్ అని ఎర్రగా కనబడగానే ఇల్లంతా బెంబేలెత్తడం మామూలు. ఐజీజీ ఉందంటే ఎప్పుడో జబ్బు వచ్చి తగ్గిందనో, టీకా పడిందనో అర్థం. రుబెల్లా విషయంలో అది శుభవార్త. జబ్బు ఈమధ్యే సోకిందని సూచించే ఐజీఎం పాజిటివ్ వస్తే ఆలోచించాలి, కానీ అది కూడా తప్పుగా రావడం, నెలల తరబడి ఉండిపోవడం ఉంది. ఒక్క ఐజీఎం చూసి గర్భం తీయించే నిర్ణయానికి రావడం పొరపాటు. రెండు, మూడు వారాల తేడాతో మళ్లీ పరీక్ష, అవసరమైతే ఉమ్మనీటి పరీక్ష చేశాకే మాట్లాడాలి.

జ్వరం వస్తే తగ్గించుకోవడమే మంచిది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం గర్భిణులు పారాసిటమాల్ వాడితే ఆటిజం వస్తుందన్నట్టు ప్రకటించాక ఇక్కడి గర్భిణులూ మాత్ర వేసుకోవడానికి భయపడ్డారు. స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల మీద 2024లో వచ్చిన అధ్యయనంలో తోబుట్టువుల్ని పోల్చి చూస్తే ఆ సంబంధం నిలబడలేదు. జ్వరాన్ని అలాగే వదిలేయడం వల్ల గర్భిణికి ఉండే ప్రమాదం మాత్రం నిజమైనది.

తట్టు–రుబెల్లా టీకా మన దేశంలో 2017లో ప్రత్యేక కార్యక్రమంగా మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ ఏడాది ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో వేశారు. ఇప్పుడది మామూలు టీకాల పట్టికలో తొమ్మిది నెలలకు ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకటిగా ఉంది. ఆ ఆగస్టుకే పదిహేనేళ్లు దాటిన అమ్మాయిలు ఆ విడతలోకి రాలేదు. ఇప్పుడు పెళ్లిళ్లయి నెల తప్పుతున్నది వాళ్లే. వాళ్లలో చాలామందికి చిన్నప్పుడు రుబెల్లా వచ్చిపోయి రక్షణ ఉంటుంది, కొందరికి ఉండదు. అది తేల్చేది ఐజీజీ పరీక్ష. లేదని తేలితే గర్భానికి ముందే టీకా వేయించుకుని నెల రోజులు ఆగాలి. బతికున్న వైరస్‌తో చేసింది కాబట్టి కడుపుతో ఉండగా ఈ టీకా వేయరు.